బావ, బండి, నాలుగు వేళ్ళ సందు

బావకి ఉన్న పిచ్చి ఒక్కటే. బండి కనబడితే చాలు, చక్రానికీ దాని పైనున్న రేకుకీ మధ్య సందులో వేళ్ళు దూరుస్తాడు. సొంత బండా పరాయి బండా అని చూడడు. లోపల మనుషులున్నారా లేరా అనీ చూడడు. వంగి, నాలుగు వేళ్ళూ ఒకదాని మీద ఒకటి పేర్చి సందులో పెట్టి, ఒక కన్ను మూసి, "నాలుగు. ఎక్కువ," అని పెదవి విరుస్తాడు. ఒకసారి ఆసుపత్రి వెనక శవాన్ని ఎక్కిస్తున్న బండికి కూడా ఇలాగే వేళ్ళు పెట్టి, "రెండున్నర. మెత్తగా పోతుంది, దిగులు పెట్టుకోకండి," అన్నాడు. పోయినాయన తాలూకు వాళ్ళు ఏడుపాపి మరీ చూశారు.

ఆయన చిన్నోడికి బావ. కాబట్టి మనమూ బావ అనే అనుకుందాం. చిన్నోడంటే బావ భార్యకి తమ్ముడు. ఇంట్లో ఆఖరివాడని చిన్నప్పుడు పిలిచిన పిలుపు అలాగే అతుక్కుపోయింది. ఇప్పుడతనికి నలభై దాటాయి. కుర్చీలో కూర్చుంటే కింద కుర్చీ ఉందని నమ్మడం కష్టం. పెళ్ళి కాలేదు, అవుతుందన్న భ్రమా లేదు. వాన పడుతుందేమోనని పొద్దున్నే గొడుగు పట్టుకుని బయల్దేరి, తీరా వాన పడ్డాక గొడుగుకి చిల్లుందని గుర్తు చేసుకునే మనిషి. అక్క మంచాన పడ్డప్పటి నుంచి ఆ ఇంట్లోనే వెనక గదిలో ఉంటూ, ఆ ఇంటి దిగులుకి తన దిగులు కూడా జతచేస్తున్నాడు.

బావా చిన్నోడూ పనిచేసేది ఒకే కంపెనీలో. దుకాణాల్లో వాడే కాటాలు రిపేరు చేసి, సరిగ్గా తూస్తున్నాయో లేదో చూసి పంపే కంపెనీ అది. సరిచూసే గదికి బావ పెద్ద. ఇత్తడి రాళ్ళని గుడ్డతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి కాటా మీద పెట్టి, ఆవగింజంత తేడా ఉన్నా మళ్ళీ విప్పించే రకం. అంత ఖచ్చితమైన మనిషి గది దాటి బయటికొస్తే మాత్రం కొలబద్ద ముట్టుకోడు. అంతా వేళ్ళ లెక్కే. చిన్నోడిది పక్కనే పార్సిళ్ళ గది. ఇద్దరూ రోజూ బావ బండిలోనే వెళ్ళి, బావ బండిలోనే వస్తారు.

ఆ బండి ఎత్తుగా, నిలువు పెట్టెలా ఉంటుంది. అలాంటిదే కావాలని పట్టుబట్టి కొనిపించింది అక్క. పైనుంచి చూస్తే రోడ్డు పొడుగునా కనబడుతుందని ఆమెకి సరదా. పెద్దవీధిలో ఆమెకి టైలరింగ్ దుకాణం ఉండేది. పొద్దున్నే బావ పక్క సీట్లో దర్జాగా కూర్చుని, దారిలో వెళ్ళేవాళ్ళ బట్టల మీద తీర్పులు చెబుతూ వెళ్ళేది. "ఆ చొక్కా కుట్టినవాడికి కళ్ళు లేవు," అనేది. "ఆవిడ జాకెట్టు చూడండి, చేతులు ఒకదానికొకటి చుట్టాలు కూడా కావు," అనేది.

పోయిన వానాకాలంలో దుకాణంలో పై అర నుంచి బట్టల చుట్ట దించబోయి, స్టూలు మీంచి వెనక్కి పడింది. నడుము దగ్గర ఏదో నలిగింది. నడుము కింద కాళ్ళు ఇక పలకలేదు.

ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు చిన్నోడికి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. వాన. చక్రాల కుర్చీలోంచి బండి సీటు మీదకి ఎక్కించాలి. సీటేమో ఎత్తు. ఆసుపత్రి మనుషులిద్దరు ఆమెని చంకల కింద ఒకరూ మోకాళ్ళ కింద ఒకరూ పట్టుకుని ఎత్తారు. సగంలో పట్టు జారింది. చెప్పులు ఊడి నీళ్ళలో పడ్డాయి, ఒంటి మీద బట్ట తొలిగింది, మెట్ల మీద నిలబడ్డ జనం అయ్యో అంటూనే చూశారు. చిన్నోడు చిల్లుగొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఆ చిల్లు సరిగ్గా అక్క మొహం మీదికి వచ్చింది.

ఇంటికొచ్చాక అక్క ఒక్కటే మాట అంది. "నన్ను మూటలా ఎత్తి ఆ బండిలో పడేసే రోజు ఇంకోటి రాకూడదు. ఇక నేనెక్కడికీ రాను."

అన్నట్టే చేసింది. డాక్టరే ఇంటికి వచ్చి చూసి పోతున్నాడు. కొన్నాళ్ళు కిటికీ దగ్గర కూర్చుని దారిన పోయేవాళ్ళ బట్టలు చూసింది. తర్వాత కిటికీ వేసేయమంది. తిట్లు కూడా తగ్గించేసింది. ఆమె తిట్లతో పెరిగిన చిన్నోడికి ఆ నిశ్శబ్దం చాలా భయంగా ఉండేది. ఇంట్లో చప్పుడంటే చక్రాల కుర్చీ కిర్రుమనడమే.

సరిగ్గా అప్పుడే బావకి బండిని కిందకి దించాలనే పిచ్చి పట్టింది.

ఊరి చివర స్ప్రింగుల మేస్త్రీ షెడ్డుకి మొదటిసారి వెళ్ళినప్పుడు చిన్నోడు కూడా ఉన్నాడు. నూనె మరకల నేల, రేకుల మీద వాన చప్పుడు, గోడ పొడుగునా వేలాడుతున్న స్ప్రింగులు. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"కిందకి దించాలి," అన్నాడు బావ.

"ఎంత సార్?"

"మూడు వేళ్ళు."

"ఎవరి వేళ్ళు?"

"నావే."

మేస్త్రీ తన చెయ్యి పక్కన పెట్టి చూసుకుని, "నావైతే రెండున్నర," అన్నాడు. ఇద్దరికీ అక్కడే స్నేహం కుదిరింది. పిచ్చివాళ్ళు ఒకరినొకరు ఎంత తొందరగా కనిపెడతారో అని చిన్నోడు నిట్టూర్చాడు.

"అయితే ఒక సంగతి," అన్నాడు బావ. "కిందకి దిగాలి. కానీ మెత్తగా ఉండాలి. లోపల కూర్చున్నవాళ్ళకి కడుపులో చల్ల కదలకూడదు."

మేస్త్రీ మొహం వాడిపోయింది. "అది కుదరదు సార్. బండి కిందకి దిగితే లోపల స్ప్రింగు ఆడటానికి చోటు తగ్గిపోతుంది. మెత్తటిది వేస్తే ప్రతి గుంటకీ కింద కొట్టుకుంటుంది. అందుకే దించినవాళ్ళంతా గట్టి స్ప్రింగు వేసుకుంటారు. ఏదో ఒకటి అనుకోండి."

"రెండూ అనుకుంటున్నాను," అన్నాడు బావ.

అక్కడున్న కుర్రాళ్ళు నవ్వారు. వాళ్ళ బండ్లు నేలని ముద్దు పెట్టుకుంటున్నట్టు ఉన్నాయి. ఒకడు దగ్గరికొచ్చి, "రేసులకా అంకుల్?" అని అడిగాడు.

"కాదు నాయనా. ఆఫీసుకి."

"ఈ డబ్బా బండి దించితే ఏం స్టైలుంటుంది?"

"స్టైలు కూర్చునేవాళ్ళని బట్టి వస్తుంది," అని బావ వాడి బండి సందులో వేళ్ళు పెట్టాడు. ఒక్క వేలూ దూరలేదు. "నీదానికి గాలి కూడా ఆడట్లేదు, జ్వరం వస్తుంది జాగ్రత్త," అన్నాడు.

ఇక మొదలైంది చిన్నోడి నరకం. మొదటి విడత మేస్త్రీ ఉన్న స్ప్రింగులనే ఓ చుట్టు కోసేశాడు. బండి దిగింది కానీ, రోడ్డు మీద ఎక్కిళ్ళు వచ్చినట్టు ఎగిరింది. రెండో విడత గట్టి స్ప్రింగులు. చిన్నోడి పళ్ళు ఇంటి నుంచి ఆఫీసు దాకా టకటక కొట్టుకున్నాయి. పార్సిళ్ళ గదిలో ఎవరో, చలేస్తోందా అని అడిగారు. మూడో విడత మర తిప్పి ఎత్తు మార్చుకునే రకం. తర్వాత షాక్ అబ్జార్బర్లు మార్చారు. ఆ తర్వాత అడుగున ఉండే రబ్బరు ముక్కలు మార్చారు. విప్పడం, బిగించడం, మళ్ళీ విప్పడం.

బిగించిన ప్రతిసారీ పరీక్ష ఉండేది. అది చూడ్డానికి షెడ్డులో పని ఆపి మరీ నిలబడేవాళ్ళు. ఎందుకంటే సొంత బండిని బావ నడిపేవాడు కాదు. మేస్త్రీని నడపమని, తను పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకునేవాడు. కాళ్ళు రెండూ గాలికొదిలేసి, నేలకి ఆనించకుండా, చేతులు ఒళ్ళో పెట్టుకుని బొమ్మలా కూర్చునేవాడు. మలుపు తిరిగితే ఊడిపోయి మేస్త్రీ భుజం మీద పడేవాడు.

"కాళ్ళు తన్నిపెట్టి కూర్చోండి సార్, పడిపోతున్నారు!" అని మేస్త్రీ మొత్తుకునేవాడు.

"నువ్వు నడుపు. కాళ్ళ సంగతి నీకెందుకు," అనేవాడు బావ కళ్ళు తెరవకుండా.

ఈ తతంగమంతా జరుగుతున్నంతసేపూ చిన్నోడు వెనక సీట్లో ఉండాలి. అదీ సరిగ్గా బావ వెనకే. అవతలి వైపుకి జరిగితే ఒప్పుకోడు. "ముందు సీట్లో కూర్చుంటాను బావా, వెనక నడుము విరుగుతోంది," అంటే, "నీ చోటు అదే," అని తేల్చేసేవాడు. రోజూ ఆఫీసుకి వెళ్ళేటప్పుడు పక్క సీటు ఖాళీగా ఉన్నా అంతే. చిన్నోడు వెనక కూర్చుని, బావ ఒక్కడే ముందు కూర్చుని, డ్రైవరూ యజమానీలా వెళ్ళేవాళ్ళు. కొత్తగా చేరినవాళ్ళు చిన్నోడిని చూసి లేచి నిలబడేవాళ్ళు. అతని దిగులు మొహం చూసి మళ్ళీ కూర్చునేవాళ్ళు.

అంతకంటే ఘోరం స్పీడ్ బ్రేకర్లు. బండి దిగింది, స్ప్రింగులు మెత్తబడ్డాయి, చిన్నోడు ఎక్కితే ఇంకాస్త కుంగుతుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చిందంటే అడుగు గీసుకుంటుంది. అందుకని దాని ముందు బావ బండి ఆపేవాడు.

"దిగు చిన్నోడా."

చిన్నోడు దిగేవాడు. బండి అమ్మయ్య అన్నట్టు పైకి లేచేది. బావ నెమ్మదిగా స్పీడ్ బ్రేకర్ దాటించి అవతల ఆగేవాడు. చిన్నోడు చిల్లుగొడుగు వేసుకుని, అదే స్పీడ్ బ్రేకర్‌ని తన కాళ్ళతో దాటి మళ్ళీ ఎక్కేవాడు. బండి మళ్ళీ మూలిగేది. బడి ముందు ఒకటి, బ్యాంకు ముందు ఒకటి, ఆసుపత్రి ముందు వరసగా మూడు. ఆసుపత్రి దగ్గర మాత్రం ఎక్కి దిగే ఓపిక లేక మూడూ కలిపి నడిచేసేవాడు. వెనక బండ్లవాళ్ళు హారన్లు కొట్టి అలిసిపోయి, చివరికి అతనికి చెయ్యి ఊపడం అలవాటు చేసుకున్నారు.

ఇది చాలక, వారానికోసారి బావ తన గదిలోకి పిలిచి, "కొత్త కాటా వచ్చింది, ఎక్కు," అనేవాడు.

"రాళ్ళున్నాయిగా బావా."

"రాళ్ళు ఎప్పుడూ ఒకటే. మారేది నువ్వే. ఎక్కు."

ఎక్కితే అంకె చూసి తృప్తిగా తల ఊపేవాడు. నాలుగు రోజులు తిండి తగ్గిస్తానని చిన్నోడు అన్నప్పుడు మాత్రం ఆ మొహంలో కత్తివేటుకి నెత్తురు లేదు. "తగ్గుతావా? ఎందుకు? ఎవరన్నారు?" అని గాభరా పడిపోయి, సాయంత్రానికి పెద్ద కేకు పెట్టె తెచ్చాడు. తన ఒళ్ళు చూసి సంతోషించే మనిషి లోకంలో ఒక్కడైనా ఉన్నాడనుకుని, చిన్నోడు కళ్ళు చెమర్చుకుని కేకు మొత్తం తిన్నాడు.

ఆ ప్రేమ ఎక్కువ కాలం నిలవలేదు. దుకాణం ఉన్న భవనం యజమాని ఓ రోజు ఇంటికి వచ్చాడు. మంచివాడే. కుర్చీ అంచున కూర్చుని నీళ్ళు నమిలాడు. "అమ్మా, షట్టర్ మూసి ఏడాది దాటింది. అడిగేవాళ్ళున్నారు. మీరు తెరుస్తానంటే నాకేం అభ్యంతరం లేదు. లేదంటే నెలాఖరుకి తాళంచెవి ఇప్పించండి," అన్నాడు.

అక్క గోడవైపు చూస్తూ, "ఇచ్చేయండి. తెరిచి నేనేం చేస్తాను," అంది. కుట్టుమిషను ఎప్పుడో ఇంటికొచ్చేసింది. ఆ గదిలోనే మూలన గుడ్డ కప్పుకుని ఉంది. అక్క దాన్ని కూడా చూడలేదు.

చిన్నోడి గుండె చెరువైంది. బావ ఏమంటాడా అని చూశాడు. బావ గడియారం చూసుకుని, "నెలాఖరు దాకా ఆగండి, చెబుతాం," అని లేచి, "చిన్నోడా, పద. మేస్త్రీకి కొత్త రబ్బర్లు వచ్చాయట," అన్నాడు.

చిన్నోడు వెళ్ళాడు. వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు. కానీ ఆ రోజు నుంచి బావతో మాట మానేశాడు. కాటా ఎక్కలేదు. కేకు ముట్టలేదు. రాత్రి భోజనం కూడా సగంలో లేచిపోయాడు. భార్య బతుకు గోడకేసి తిరిగి కూర్చుంటే, రబ్బరు ముక్కలు నొక్కి చూసుకునే మనిషితో ఏం మాట్లాడతాం?

నెలాఖరు దగ్గర పడిన ఓ సాయంత్రం, జోరు వానలో, బ్యాంకు ముందు బండి ఆగింది.

"దిగు చిన్నోడా."

"దిగను."

బావ అద్దంలోంచి చూశాడు. "అడుగు గీసుకుంటుందిరా."

"గీసుకోనీ. విరిగిపోనీ. అక్క దుకాణం పోతోంది. ఇంట్లో మనిషి మాట్లాడి నెలలైంది. నీకు పట్టిందా? రోజూ స్ప్రింగులు, స్ప్రింగులు. ఈ వయసులో నీకు బండి సోకులు కావాలా? నిన్ను చూస్తుంటే నాకు ఒళ్ళు మండిపోతోంది బావా. వచ్చే నెల నుంచి నేను వేరే గది చూసుకుంటున్నాను. నీ బండికో దండం, నీకో దండం."

బావ స్టీరింగు వదిలేసి వెనక్కి తిరిగాడు.

"అయితే మరి బండి ఎత్తు మారిపోతుంది కదరా!"

ఇంతకంటే అవమానం పగవాడికి కూడా వద్దనుకుని చిన్నోడు తలుపు తీయబోయాడు. బావ చెయ్యి చాచి అతని మణికట్టు పట్టుకున్నాడు.

"నువ్వు లేకపోతే మీ అక్క ఎక్కలేదురా," అన్నాడు.

"ఏది ఎక్కలేదు?"

"ఈ బండి."

వాన కప్పు మీద దబదబ కొడుతోంది. బావ ఖాళీ పక్క సీటు మీద చెయ్యి వేశాడు. "మంచం మీంచి కుర్చీలోకి ఎవరి సాయం లేకుండా జరగట్లేదూ మీ అక్క? నున్నటి చెక్క వేసుకుని, చేతుల మీద ఒళ్ళు మోసుకుంటూ? మంచం కాళ్ళు కోసి కుర్చీ ఎత్తుకి తెచ్చాను కాబట్టి. అప్పుడు నన్నెవరూ పిచ్చోడన్లేదు. బండి సీటు కూడా కుర్చీ ఎత్తుకి వస్తే, ఎవరూ ముట్టుకోకుండా తనే ఎక్కి కూర్చుంటుంది. అందుకే మూడు వేళ్ళు."

చిన్నోడికి పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చున్న బావ గుర్తొచ్చాడు. నేలకి ఆనించకుండా వదిలేసిన కాళ్ళు గుర్తొచ్చాయి. కాళ్ళు తన్నిపెట్టుకోలేని మనిషికి మలుపులో ఎలా ఉంటుందో, గుంటలో నడుముకి ఎంత దెబ్బ తగులుతుందో ఈయన ఇన్నాళ్ళూ తన ఒంటి మీద చూసుకున్నాడన్నమాట.

"అక్కతో చెప్పొచ్చుగా బావా?"

"చెప్పి, కుదరకపోతే? ఆశ పెట్టి మళ్ళీ మంచం మీద పడేయనా? అయినా తన కోసమని తెలిస్తే ససేమిరా ఎక్కదు. నా పిచ్చి అనుకుంటే నాలుగు తిట్టి ఎక్కుతుంది."

"సరే. మరి మధ్యలో నేనెందుకు?"

బావ కొంచెం సిగ్గుపడ్డాడు. "అదే చిక్కొచ్చింది. జారడమెప్పుడూ పల్లానికే కదా. ఎక్కేటప్పుడు సీటు కుర్చీ కంటే ఓ వేలు కిందుండాలి. దిగేటప్పుడు కుర్చీ కంటే ఓ వేలు పైనుండాలి. ఒకే బండి ఓసారి కిందకీ ఓసారి పైకీ ఉండాలి. అలాంటి స్ప్రింగు లేదన్నాడు మేస్త్రీ. ఎక్కడా దొరకదన్నాడు. నేను దిగులుగా షెడ్డు బయట నిలబడ్డాను. అప్పుడు నువ్వు బండెక్కావు. బండి రెండు వేళ్ళు దిగింది."

చిన్నోడు తన పొట్ట వైపు చూసుకున్నాడు.

"అంటే నేను పార్టునా బావా?"

"అందరికంటే ముందు ఎంచుకున్న పార్టువి," అన్నాడు బావ. "స్ప్రింగులు నీకు తగ్గట్టు వెతికాను."

చిన్నోడు తలుపు తీసుకుని దిగి, వానలో స్పీడ్ బ్రేకర్ దాటి, అవతల నిలబడ్డాడు. గొడుగు బండిలోనే మర్చిపోయాడు.

సెలవు రోజు పొద్దున అక్కని వాకిట్లోకి తీసుకొచ్చారు. మబ్బు పట్టి ఉంది. "ఊరికే బండి చూద్దువుగాని రా, మేస్త్రీ బాగా చేశాడు," అని బావ నటించిన నటనకి పసిపిల్లలు కూడా నవ్వుతారు. అక్క బండిని పైకీ కిందకీ చూసింది. "ఎత్తు బండి కొనిస్తే చితక్కొట్టి తెచ్చారు," అంది. నెలల తర్వాత వచ్చిన మొదటి తిట్టు. బావ మొహం వెలిగిపోయింది.

ముందు తలుపు తీసి, కుర్చీని సీటుకి ఆనించి, మధ్యలో నున్నటి చెక్క వేశాడు బావ. చిన్నోడు వెనక ఎక్కాడు. బండి కుంగింది. బావ చెక్క కింద వేలు పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. చెక్క సమంగా ఉంది. పల్లం రాలేదు. అక్క చేతులు ఊని ఒళ్ళు లేపబోయింది, జరగలేదు. రెండోసారి మోచేతులు వణికాయి. పక్కింటి కిటికీ తెరుచుకుంది. చిన్నోడికి ఆసుపత్రి మెట్ల మీది జనం గుర్తొచ్చి ప్రాణం పోయినట్టయింది.

"తిండి మానేశావు కదూ!" అని బావ పళ్ళు కొరికాడు. "ఎంత తగ్గావురా?"

"సగం భోజనానికి ఇంత తగ్గుతానా బావా!"

అప్పుడు బావకి గుర్తొచ్చింది. రోజూ బండి వెనక డిక్కీలో ఇత్తడి రాళ్ళ పెట్టె ఉంటుంది. దుకాణాలకి వెళ్ళి కాటాలు సరిచూడ్డానికి మోసుకెళ్ళే పెట్టె. పరీక్షలన్నీ దాని బరువుతో కలిపి జరిగాయి. సెలవు రోజని నిన్న దించి కంపెనీలో పెట్టి వచ్చాడు. బతుకంతా బరువులు చూసిన మనిషి సొంత బండిలో బరువు మర్చిపోయాడు. నెత్తి మీద చేతులు పెట్టుకుని అక్కడే గట్టు మీద కూలబడ్డాడు. "పొద్దుటి నుంచీ బండి తలుపు ఎంత నున్నగా తుడిచానో," అని మాత్రం అన్నాడు.

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"లోపల మూల నా కుట్టుమిషను ఉంది," అంది. "తెచ్చి వాడి ఒళ్ళో పెట్టండి."

ఇద్దరూ కదల్లేదు.

"వినబడలేదా? ఇనప మిషను. మీ రాళ్ళ కంటే తక్కువేం తూగదు. ఎలాగూ దుకాణానికి పట్టుకెళ్ళాలి కదా. మిషను లేకుండా అక్కడ కూర్చుని నేనేం చెయ్యాలి, ఈగలు తోలుకోనా?"

బావ లేచిన వేగానికి గట్టు మీది కుండీ పడిపోయింది. మిషను వచ్చి చిన్నోడి ఒళ్ళో కూర్చుంది. బండి మూలిగి మరి కాస్త దిగింది. చెక్క అటు వాలింది. అక్క చేతులు ఊని, పెదవి కొరికి, ఒకసారి, రెండోసారి జరిగి, సీటు మీద కూర్చుంది. కాళ్ళని తనే చేతులతో పట్టుకుని లోపలికి పెట్టుకుంది. జుట్టు సర్దుకుని ముందుకి చూసింది.

"నీకు తెలుసా అక్కా, ఇదంతా..." అన్నాడు చిన్నోడు మిషను వెనక నుంచి.

"నేను నిద్రపోతున్నాననుకుని మీ బావ నా కుర్చీ కింద కూడా వేళ్ళు పెట్టి కొలిచేవారు," అంది అక్క. "ఓరకంట చూస్తుంటే చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. ఎలాగో నవ్వాపుకునేదాన్ని."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఆయన పిచ్చి పోతుంది. ఆ పిచ్చొక్కటే ఈ ఇంట్లో కదులుతోంది," అని, బావ ఎక్కగానే అద్దంలోంచి దారిన పోతున్న ఒకాయన్ని చూస్తూ, "ఆయన చొక్కా చూడండి, గుండీలు వాళ్ళావిడ మీద కోపంతో పెట్టుకున్నట్టున్నాడు," అంది. చిన్నోడు మిషను మీద గడ్డం ఆనించుకుని, ఎవరికీ కనబడకుండా ఏడ్చినంత పని చేశాడు.

దారిలో స్పీడ్ బ్రేకర్లన్నీ ఉన్నాయి. ప్రతిదాని ముందూ చిన్నోడు మిషనుతో సహా దిగి, దాన్ని మోసుకుంటూ దాటి, మళ్ళీ ఎక్కాడు. వెనక బండ్లవాళ్ళు ముందు సీట్లో మనిషిని చూసి హారన్లు కొట్టకుండా ఆగారు. ఆసుపత్రి ముందు మూడూ అతను వగరుస్తూ నడిచేస్తుంటే అక్క కిటికీ దించి, "మెల్లిగా, దాని సూది విరుగుతుంది!" అని అరిచింది.

పెద్దవీధిలో చిన్నోడు మిషనుతో దిగాడు. బండి పైకి లేచింది. ఈసారి చెక్క కుర్చీ వైపు వాలింది. అక్క ఒక్క జారుడులో కుర్చీలోకి వచ్చేసింది. షట్టర్ ఎత్తితే లోపల దుమ్ము, ముక్కిన బట్ట వాసన. కటింగ్ బల్ల కాళ్ళు మాత్రం కొత్తగా కోసి ఉన్నాయి. కింద రంపపు పొట్టు ఇంకా అలాగే ఉంది.

"కోసినవాళ్ళు ఊడ్చి చావొచ్చుగా," అంది అక్క, చెయ్యి బల్ల మీద పెట్టి అటూ ఇటూ రుద్దుతూ. బల్ల సరిగ్గా ఆమె మోచేతుల ఎత్తుకి ఉంది. బావ చీపురు కోసం పరిగెత్తాడు.

మధ్యాహ్నం బావ కంపెనీకి వెళ్ళి రాళ్ళ పెట్టె తెచ్చుకున్నాడు. సాయంత్రం ఇంటి ముందు బండి ఆగాక చిన్నోడు దిగాడు, బండి లేచింది, అక్క జారి కుర్చీలో కూర్చుంది. ఎవరూ చెయ్యి వేయలేదు. బావ అలవాటుగా వంగి చక్రం పైన సందులో వేళ్ళు పెట్టబోయాడు.

"చాల్లెండి, లేవండి," అంది అక్క. "రేపటి నుంచి ఆ రాళ్ళ పెట్టె మోసుకు రాకండి, నా బట్టలు పెట్టుకోవడానికి డిక్కీలో చోటు కావాలి."

"రాళ్ళు లేకపోతే ఓ వేలు తక్కువ పడుతుంది కదే," అన్నాడు బావ భయంగా.

అక్క కుర్చీ తిప్పుకుని తమ్ముడిని ఆపాదమస్తకం చూసింది, కొత్త బట్ట కొలతలు తీసేటప్పుడు చూసినట్టు.

"చిన్నోడా, రేపు తొమ్మిదింటికల్లా బయల్దేరాలి," అంది. "కడుపునిండా తిని రా."